కారణం రాయవలసిన గడి

ఎడమచేత్తో ఉల్లిపాయ తరగడం ఆమెకి పదకొండు రోజుల్లో పట్టుబడింది. మొదటి రోజు కత్తి జారి నేల మీద పడింది. రెండో రోజు వేలు తెగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఆ రక్తం కూరలో పడనీకు" అని చెప్పి వెళ్లిపోయింది. ఇప్పుడు ముక్కలు సమంగా వస్తున్నాయి. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు ఉంది. కట్టు చివర బయటికి కనిపించే వేళ్లలో రెండు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"తొందరగా కానీయ్. బ్యాంకు తెరిచే టైమైంది," అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ చొక్కా ఆమె కుట్టిందే.

ఆమె డాక్టర్లకీ నర్సులకీ తెల్లకోట్లు కుడుతుంది. పద్నాలుగేళ్లయింది. మొదట వంటింటి పక్క గదిలో ఒక మిషను, తర్వాత వీధి చివర అద్దె కొట్టు, అందులో రెండు మిషన్లు. ఆసుపత్రిలో ఆమెని కోట్ల అక్క అంటారు. "కోట్లు కుట్టే మనిషి ఇంట్లో ఉండగా నాకు వేలకి కూడా గతిలేదు," అని భర్త నలుగురిలో అంటుంటాడు. నలుగురూ నవ్వుతారు. ఈ ఏడాది ఆసుపత్రి కోట్లన్నీ ఆమెకే ఇస్తామన్నారు. స్టోర్సు ఆఫీసరమ్మ ఒకే షరతు పెట్టింది. "ఇక నుంచి డబ్బు చేతికివ్వడాలు లేవమ్మా. కొట్టు పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. ఈ నెల దాటితే ఆర్డరు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది."

ఆ మాట వినగానే ఆమె మధ్యాహ్నం అన్నం మానేసి మూడు రోజుల్లో మూడు బ్యాంకులు తిరిగింది. వడ్డీ సంగతి అడగలేదు, చెక్కుబుక్కు సంగతి అడగలేదు. మూడుచోట్లా ఒకే ప్రశ్న అడిగింది: సంతకం కాస్త తేడాగా ఉంటే ఏం చేస్తారు? మొదటి బ్యాంకులో కుర్రమేనేజరు, "ఏం భయం లేదమ్మా, తెలిసినవాళ్లేగా, సర్దేస్తాం" అన్నాడు. రెండో బ్యాంకులో, "ఇవన్నీ మీకెందుకు, మీ వారిని పంపండి" అన్నారు. మూడో బ్యాంకులో, కళ్లజోడుని గొలుసుతో మెడలో వేసుకున్న ఒక పెద్దావిడ తల ఎత్తకుండానే, "వెనక్కి పంపుతాం" అంది. "మా ఆయన తెచ్చినా?" అని ఆమె అడిగింది. "ఎవరు తెచ్చినా." ఆమె అక్కడే ఖాతా తెరవాలనుకుంది.

ఆ ప్రశ్న అడగడానికి కారణముంది. భర్త ఆమె సంతకం పెడతాడు. పెళ్లైన మూడో ఏడాది, పార్సిలు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఉంటే, ఆమె చేతులు పిండిలో ఉన్నాయని అతనే పెట్టాడు. అది అచ్చం ఆమెదిలా వచ్చింది. తర్వాత కూతురి మార్కుల కాగితం మీద తల్లి గడిలో పెట్టాడు. తర్వాత ఆమె పాత ఖాతాలో డబ్బు తీసే కాగితం మీద పెట్టాడు. ఆ సంగతి ఆమెకి ఖాతా ఖాళీ అయ్యాక తెలిసింది. అడిగితే, "నీ సంతకం నీకన్నా నేనే బాగా పెడతాను, చూసి నేర్చుకో" అన్నాడు. ఆడపడుచు పొట్ట పట్టుకు నవ్వింది. అప్పట్నించీ చుట్టాలొస్తే అదొక వేడుక. ఆమె చేత ఒకటి పెట్టించి, పక్కన తనొకటి పెట్టి, ఏది ఎవరిదో చెప్పమంటాడు. కాఫీలు అందిస్తూ ఆమె కూడా నవ్వేది.

మూడు బ్యాంకుల కాగితాలూ బీరువాలో బట్టల కింద దాచింది. అవి అతనికి దొరికాయి. "ఏంటివి?" అన్నాడు. ఆమె తీసుకోబోయింది. అతను ఇనుప తలుపు ఆమె చేతి మీద వేశాడు. ఆమె అరిచింది. అతను తలుపు తెరిచాడు. చెయ్యి ఎక్కడుందో చూశాడు. మళ్లీ వేశాడు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య అతను చూశాడన్నది ఆమె మరిచిపోలేకపోతోంది. నొప్పి మందులకి తగ్గుతుంది. ఆ చూపుకి మందు లేదు.

ఆసుపత్రిలో, "గాలికి బీరువా తలుపు పడిందండీ" అని అతను చెప్పాడు. కట్టు వేసే డాక్టరు అదే రాసుకున్నాడు. ఆ డాక్టరు ఒంటి మీద కోటు ఆమె కుట్టిందే. జేబు మూల రెండు కుట్లు ఎక్కువ వేయడం ఆమె అలవాటు. కట్టు పూర్తయ్యేదాకా ఆమె ఆ రెండు కుట్లనే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక అత్తగారు, "తలుపు సందులో చెయ్యి పెడితే తలుపు మాత్రం ఏం చేస్తుంది?" అంది.

మర్నాడు అతను మెత్తబడ్డాడు. "ఖాతా వద్దన్నానా? నాకు చెప్పకుండా చేస్తే కోపం రాదూ. ఇద్దరి పేరు మీదా తీద్దాం." ఆమె మూడో బ్యాంకు కాగితాన్ని పైన పెట్టి ఇచ్చింది. ఎప్పుడూ పైదే తీసుకునే మనిషి, పైదే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె కొట్లో గుడ్డముక్కల మీద సుద్దతో, ఎడమచేత్తో, తన పేరు రాస్తోంది. రాసి దులిపేస్తుంది. రోజుకో జత తనవీ కూతురివీ బట్టలు కూడా కొట్టుకి మోసింది. కుట్టుపని మూటల్లో అవి ఎవరి కంటా పడలేదు.

బ్యాంకులో కౌంటరు ముందు రెండు కుర్చీలున్నాయి. అతను ఒకదాంట్లో కూర్చుని, రెండోదాంట్లో హెల్మెట్ పెట్టాడు. ఆమె నిలబడింది.

"హెల్మెట్ కింద పెట్టండి," అంది కళ్లజోడావిడ. "ఖాతా ఎవరిదో వాళ్లు కూర్చోవాలి. కొట్టు ఎవరిది?"

"మాదేనండీ," అన్నాడు.

"లైసెన్సు ఎవరి పేరున ఉంది?"

"ఈవిడ పేరునే. పేరుకే లెండి."

కాగితం మీద మూడు గడులున్నాయి. ఖాతాదారు ఒక్కరే. ఇద్దరూ కలిసి. ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికి ఉన్నవారు. మూడోదాంట్లో అతను ఇంటి దగ్గరే టిక్కు పెట్టుకొచ్చాడు. ఆమె ఆ వరస చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చింది.

"ఆవిడ సంతకం కావాలి. చెయ్యి చూస్తే ఇలా ఉంది," అంది కళ్లజోడావిడ.

"అదో సమస్యా అండీ? నేను పెడతాగా."

"మీరా?"

"ఎన్నేళ్లుగానో పెడుతున్నా." అతను చీటీ ఒకటి లాక్కుని ఆమె సంతకం పెట్టాడు. ఆమె సంతకం ఉన్న గుర్తింపు కార్డు పక్కన పెట్టి, చుట్టాల ముందు నవ్వినట్టే నవ్వాడు. "ఏది ఆవిడదో చెప్పండి చూద్దాం."

కళ్లజోడావిడ రెండూ చూసింది. "చెప్పలేను," అంది.

"చూశారా మరి."

ఆవిడ చీటీని మడిచి సొరుగులో పెట్టి తాళం వేసింది. అతని నవ్వు ఆగింది. "సరదాకండీ," అన్నాడు.

"అమ్మా, మీకు ఏ ఖాతా కావాలి?"

"చెప్పాంగా, ఇద్దరి..."

"ఆవిణ్ని అడిగాను."

కౌంటరు కింద అతని చెయ్యి ఆమె నీలం వేళ్లని వెతికి పట్టుకుంది. నొక్కింది. ఆమె కళ్ల ముందు కాగితం మసకబారింది. గడులు మాత్రం ఎక్కడున్నాయో గుర్తుంది. అతను ఇంకా నొక్కాడు. ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్లని పట్టుకున్న అతని చెయ్యి కూడా దాంతో పాటు పైకొచ్చింది. రెండు చేతులూ కౌంటరు మీద, కళ్లజోడావిడ ముందు, అలా ఉన్నాయి. పక్క కౌంటరులో డబ్బు లెక్కపెడుతున్నవాడు ఆగాడు. గుమ్మం దగ్గర గార్డు ఇటు రెండడుగులు వేశాడు. అతను చెయ్యి తీసేశాడు.

"ఒక్కదాన్నే," అంది ఆమె.

కళ్లజోడావిడ టిక్కు పెట్టిన కాగితాన్ని పక్కకి తోసి కొత్తది తీసింది. ఆమె ఎడమచేత్తో, అడుగున ఉన్న నమూనా సంతకాల గడుల్లో మూడు సంతకాలు పెట్టింది. మూడూ ఒకేలా ఉన్నాయి.

"చెయ్యి బాగయ్యాక కుడిచేతి సంతకానికి మార్చుకుంటారా?"

"మార్చను. ఇది మా ఇంట్లో ఎవరూ చూడలేదు."

"ఇంటికి రా, చెప్తా," అన్నాడు అతను, పళ్ల మధ్య నుంచి.

"కొట్టుకెళ్తాను," అంది. అది అతనికి చెప్పినట్టు లేదు. "ఉత్తరాలేమైనా ఉంటే కొట్టుకే పంపండమ్మా."

కళ్లజోడావిడ కాగితం తిప్పింది. వెనకవైపు ఇంకో గడి ఉంది. "అలవాటు లేని చేత్తో సంతకం పెడితే కారణం రాయాలి. మేనేజరు చూసి సంతకం పెడతారు. ఈ కాగితం ఫైల్లో ఉండిపోతుంది. చెయ్యి ఎలా విరిగింది?"

"గాలికి బీరువా తలుపు..." అన్నాడు అతను.

"తలుపు మా ఆయన వేశారు," అంది ఆమె. "రెండుసార్లు. మొదటిసారి వేశాక, చూసి, మళ్లీ వేశారు."

కళ్లజోడావిడ కలం ఆగింది. "అలాగే రాయమంటారా?"

"అలాగే రాయండి. ఆ రెండు అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి."