ఇరవై రెండేళ్ళ హారన్

పొద్దున్నే బట్టలారేసే ముందు ఆ ఊళ్ళో అందరూ చేసే పని ఒకటుంది. తీగ మీద వాలిన హారన్ చప్పుళ్ళని చీపురుతో అదిలించడం. స్కూటర్లవి పిచ్చుకల్లా తుర్రుమనేవి. లారీలవి మాత్రం మొండివి, తీగని కిందికి వంచి కదలకుండా కూర్చునేవి. చెల్లెలు నిండు నెలల పొట్టతో ఆ పని చేయలేక, పురిటి సాయానికి వచ్చిన అక్కకి అప్పగించింది.

అక్క బస్సు డ్రైవరు. సముద్రం దాటి వచ్చింది. ఆమె ఉంటున్న దేశంలో హారన్ కొట్టడమంటే ఎదుటివాణ్ణి నడిరోడ్డు మీద తిట్టడమే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్కసారీ కొట్టలేదు, అది ఆమెకి పెద్ద గొప్ప. వచ్చిన రోజు, టాక్సీ నడిపే మరిది, చెల్లెలి మొగుడు, ఆమెని ఇంటికి తీసుకొస్తుంటే సిగ్నల్ దగ్గర వెనక వ్యాను పాం పాం అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అక్క దిగి వెళ్ళి, మా తప్పేమిటో చెప్పండి, క్షమించండి అంది. వ్యానువాడు బిత్తరపోయి తనే క్షమాపణ చెప్పాడు. మరిది ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"తిట్టడం కాదు వదినా. నేనిక్కడున్నానని చెప్పడం, అంతే."

అక్క నమ్మలేదు. ఇంత పెద్ద గొంతుతోనా చెప్పేది అని గొణుక్కుంది.

పదో రోజు పొద్దున చెల్లెలికి నొప్పులొచ్చాయి. పన్నెండేళ్ళుగా టాక్సీ నడుపుతున్న మరిది తాళంచెవి మూడుసార్లు కింద పడేశాడు. అక్క అది తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. మార్కెట్ కూడలిలో ఇసుక వేస్తే రాలనన్ని బళ్ళు. ఆస్పత్రి గేటు కనిపిస్తూనే ఉంది, ఒక్క చక్రమూ కదలదు. వెనక సీట్లో చెల్లెలు మొగుడి చెయ్యి నలిపేస్తూ, బిడ్డ కదలడం మానేసిందని ఏడుస్తోంది. అక్క చెయ్యి హారన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"అక్కా, కొట్టవే. మనం ఇక్కడున్నామని చెప్పవే."

కొట్టింది.

వచ్చింది ఒక్కటి కాదు. రోడ్డుకడ్డంగా పడుకున్న కుక్క మీద కొట్టనిది, ఫోన్లో మునిగి దాటినావిడ మీద కొట్టనిది, రోజూ అడ్డమొచ్చే ఎర్ర సైకిలాయన మీద కొట్టనివి, ఇరవై రెండేళ్ళవీ గుంపుగా బయటపడ్డాయి. తీగల మీదవీ లేచి వాటితో కలిశాయి. ఎంత సంబరమని! ఒక్కోటి ఒక్కో బండి టాపు మీద వాలి ముక్కుతో పొడిస్తే, ఆ బండి పక్కకి జరిగింది. ఒక బస్సు బెట్టు చేసింది, దానికి నాలుగు పట్టాయి. ట్రాఫిక్ పోలీసు టోపీ మీద వాలినదాన్ని దులుపుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. అక్క జన్మలో అంత వేగంగా నడపలేదు. గుండె ఎగిరెగిరి పడింది, భయంతో కొంత, అబద్ధమెందుకు, ఆనందంతో చాలా.

పాప పుట్టింది. ఏడవలేదు. నర్సు అరికాళ్ళు తట్టింది, వీపు రుద్దింది. ఉలుకూ పలుకూ లేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క కోటు జేబులో ఏదో కదిలింది. గుంపులో వెనకబడిపోయిన బుల్లి హారన్. ఎగిరి వెళ్ళి పాప పెదాల మీద వాలింది. నర్సు దాన్ని తోలలేదు, పాప నోరు కాస్త తెరిచి పట్టుకుంది. అది లోపలికి దూరింది.

పాప పెట్టిన కేకకి వరండాలో స్ట్రెచర్లు తోస్తున్నవాళ్ళు గోడవారకి తప్పుకున్నారు. మరిది పరుగెత్తుకొచ్చి, ఎందుకంతలా ఏడుస్తోందని కంగారుగా అడిగాడు.

"ఏం లేదు మరిదీ" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "నేనిక్కడున్నానని చెబుతోంది."