కుడివైపు కొక్కెం

ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చినప్పుడు భవ్యశ్రీ వంటింట్లో స్టూలు మీద ఉంది. చేతిలో డ్రిల్లు. గరిటెలు తగిలించే పట్టీకి రెండో బెజ్జం అప్పుడే పూర్తయింది. కరీంనగర్ ఆస్పత్రి నుంచి భర్త రాకేశ్, "అక్కకు బిడ్డ పుట్టింది భవ్యా, ఇద్దరు మంచిగున్నరు" అన్నాడు. అంత సంబరంలోనూ ఆమె డ్రిల్లులోంచి బ్యాటరీ ఊడదీసి గట్టు మీద పెట్టింది. పని ఆపితే బ్యాటరీ తీసి పెట్టాలని డ్రిల్లుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం ఆమెకు వంటబట్టింది. అప్పుడు స్టూలు దిగి పెరట్లోకి పరుగెత్తింది.

అత్త బాలవ్వ రాత్రంతా ఆస్పత్రిలో కూతురు జమున దగ్గరే ఉండి, మెత్తటి పాతచీరల కోసం పొద్దున్నే చొప్పదండిలో ఇంటికి వచ్చింది. అంతలోనే కాన్పయింది. "అత్తమ్మా, ఆడపిల్ల" అని భవ్య చెప్పగానే ఆమె ముఖం విచ్చుకుంది. మరుక్షణం చూపు కోడలి చేతుల మీద పడింది.

"గాజులేవి?"

"మిషన్ పట్టుకున్నప్పుడు చేతులకు ఏం ఉండొద్దట అత్తమ్మా. చుట్టుకుంటయట. తీసి గిన్నెల పెట్టిన."

"మిషన్ చెప్పిందా నీకు? పెండ్లయి గిన్ని దినాలు గాలే, గింత మంచి ముచ్చట చెప్పెటందుకు బోసి చేతులతోని ఎదురొస్తవా? నా కొడుకు సల్లంగుండుడు ఇష్టం లేదా నీకు?"

ఏడాది తిరిగేదాకా పెండ్లి గాజులు తియ్యొద్దని, పగిలితే వెంటనే మరొకటి వేసుకోవాలని బాలవ్వ మొదటిరోజే చెప్పింది. ఆ చెప్పినామె చేతులకు గాజులు లేవు. మామ పోయిన రోజున ఎవరో ఆ చేతులు పట్టుకుని గాజులు పగలగొట్టారట. భవ్య వంటింట్లోకి వెళ్లి గిన్నెలోని గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుంటుంటే, ఎవరినో కొట్టి వచ్చినంత తప్పు చేసినట్టు అనిపించింది. కొట్టింది గోడనే కదా అని నవ్వుకోవాలని చూసింది, నవ్వు రాలేదు.

ఆ డ్రిల్లును ఏదో ఆఫర్లో వస్తోందని రాకేశ్ కొన్నాడు. కొని మంచం కింద పెట్టాడు. పెట్టె విప్పింది, పుస్తకం చదివింది భవ్య. బ్యాటరీ టక్కుమని కూర్చునే చప్పుడు ఆమెకు ఎంతిష్టమో చెప్పలేదు. ఎర్రలైటు పచ్చలైటుగా మారేదాకా చార్జరు పక్కనే కూర్చునేది. జడ ముడేసి, చున్నీ తీసి మేకుకు తగిలించి, డిగ్రీ చదివినప్పటి ల్యాబు కళ్లద్దాలు పెట్టుకుంటే, ఈ ఇంట్లో తనకంటూ ఒక వేషం దొరికినట్టుండేది. పనయ్యాక పాత బ్రష్షుతో దాని గాలి సందుల్లో దుమ్ము దులిపి, పొయ్యి వేడి తగలని అలమరలో దాచేది. కిందపడ్డ దుమ్ము ఊడ్చేదీ ఆమే. గోడకు అద్దం వచ్చినా, తలుపుకు గొళ్లెం వచ్చినా, చూడవచ్చినవాళ్లు మెచ్చుకునేది మాత్రం రాకేశ్‌ను. టీ కూడా ముందు అతనికే. "నువ్వు కొడ్తె నేను కొట్టినట్టే గదా" అని అతను గదిలో ఆమె బుగ్గ గిల్లేవాడు. ఆమెకు అప్పుడు అదీ బాగానే ఉండేది.

జమున పాపను తీసుకుని పుట్టింటికి వచ్చాక ఇల్లంతా పాల వాసన, సాంబ్రాణి వాసన. ఇరవై ఒకటో రోజున తొట్లె వేయాలి, పాపను మొదటిసారి ఉయ్యాల ఎక్కించే పండుగ. ఆ ఇంటి పిల్లలు ఊగిన టేకు తొట్లెనే దించి తుడిచారు గానీ, నడింట్లో దూలానికి ఉన్న పాత కొక్కేలు తుప్పు పట్టిపోయాయి. దూలం మీద అటక పలకలు పరిచి ఉన్నాయి కాబట్టి తాడు చుట్టడానికి సందు లేదు. గాజుల గొడవ తర్వాత కోడలు మిషన్ ముట్టదనుకుని, "కొత్తయి పెట్టు బిడ్డా" అని బాలవ్వ కొడుకుకు చెప్పింది. కొడుకు భార్య వైపు చూశాడు.

అత్త సంతకు, వదిన స్నానానికి వెళ్లినప్పుడు భవ్య స్టూలెక్కింది. గాజులు తీయబోయి ఆగింది. మళ్లీ ఆ మాట వినే ధైర్యం లేదు. అందుకని రెండు చేతుల గాజులనూ మోచేతుల వైపు తోసి రుమాళ్లతో కట్టింది. ఎడమ బెజ్జం చక్కగా దిగింది. కొక్కెం మరలకన్నా సన్నంగా కొట్టింది కాబట్టి, తిప్పుతుంటే మరలు దూలం చెక్కను కొరికి పట్టుకున్నాయి. కుడిది కొట్టేటప్పుడు రుమాలు వదులైంది. గాజులు జారి మణికట్టు మీద పడ్డాయి, రుమాలు కొసను డ్రిల్లు చివర తిరిగే బిట్టు చుట్టేసుకుంది. డ్రిల్లు చేతిలో మెలితిరిగింది. ఆమె మీట వదిలేలోపే బెజ్జం పక్కకు చీలి వెడల్పయింది, ఒక గాజు చిట్లింది. "రాకేశ్" అని పిలిచింది. అతను వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. "అయిపోయిందా? అవ్వ వస్తున్నది, జల్ది కానియ్" అన్నాడు తల్లి వచ్చే దారి చూస్తూ.

ఇంకోచోట కొత్త బెజ్జం కొట్టాలని తెలుసు. తెలిసీ, అగ్గిపుల్లలు విరిచి, జిగురు ముంచి, ఆ వెడల్పు బెజ్జంలో కుక్కి కొక్కెం తిప్పింది. లాగి చూస్తే గట్టిగానే ఉంది. పైన పసుపు కలిపిన మైనం రుద్దితే ఏమీ కనపడలేదు. చిట్లిన గాజు ముక్కలు ఏరి డ్రిల్లు పెట్టెలో అడుగున దాచింది. అప్పుడే బాలవ్వ లోపలికి వచ్చింది, రాకేశ్ ఆమె కన్నా ముందే వచ్చి, తనే కొట్టినట్టు స్టూలు పక్కన చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"పెండ్లయినంక పనిమంతుడైండే మా తమ్ముడు" అంది జమున తల తుడుచుకుంటూ. "మేనకోడలి కోసం దూలం ఎక్కిండు."

"ఎక్కుడు సరే, గా పొట్టు ఎవరు ఊడ్వాలె?" అంది బాలవ్వ. భవ్య అప్పటికే చీపురు పట్టుకుంది.

ఆనాటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు. పాప ఆవలించినా, వేలు పట్టుకున్నా, ముందు పొంగిపోయి, వెంటనే కన్ను దూలం మీదికి పోయేది. ఆచారం ప్రకారం ముందు రోటి పొత్రాన్నే, ఆ బరువు రాయినే కదా తొట్లెలో పండబెడతారు, ఊడితే అప్పుడే ఊడుతుందని తనకు తాను చెప్పుకునేది. కానీ రాయి కదలదు, పిల్లను ఊపుతారు. ఊపినప్పుడు కొక్కెం మీద లాగుడు పెరుగుతుందని చదువుకున్న మనిషి. మెచ్చుకోలు రాలేదని ఉక్రోషపడ్డ తనకు, ఇప్పుడు తప్పు కూడా రాకేశ్ పేరు మీదే ఉందన్న చిన్న నిశ్చింత ఎక్కడో లోపల ఉందని తెలిసిన రోజున తన మీద తనకే అసహ్యం వేసింది. అతనికి చెబితే, "నువ్వు లాగి చూసినవ్ గదా, ఏం గాదు. మల్ల గాజుల లొల్లి ఎందుకు" అన్నాడు.

తొట్లెకు ముందురోజు సాయంత్రం బాలవ్వ ఖాళీ తొట్లెను కొక్కేలకు తగిలించి ఊపింది. కుడివైపు సన్నగా కిర్రుమంది. తెల్లటి పుల్లముక్క ఒకటి నేల మీద పడింది. ఎవరూ చూడలేదు, భవ్య చూసింది.

"ఒక్కసారి పండబెట్టి చూద్దామా అవ్వా?" అని జమున పాపను ఎత్తుకొచ్చింది.

భవ్య వెళ్లి తొట్లెను రెండు చేతులతో పట్టుకుంది. గాజులు గలగలమన్నాయి. "ఆగు వదినా. గా కుడి కొక్కెం సక్కగ లేదు."

రాకేశ్ కళ్లతో వద్దన్నాడు. బాలవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా, సక్కగ పెట్టలేదా?"

"ఆయన పెట్టలే అత్తమ్మా. నేను పెట్టిన. ఈ ఇంట్ల బెజ్జాలన్ని నేనే కొట్టిన. గాజులు తియ్యకుంట కట్టుకోని కొట్టిన, గుడ్డ చుట్టుకున్నది, బెజ్జం చీలింది. అగ్గిపుల్లలు కుక్కి ఊకున్న. ఇన్నొద్దులు చెప్పలే. తప్పు నాదే."

జమున పాపను గుండెకు అదుముకుంది. బాలవ్వ వంగి పుల్లముక్క తీసింది, వేళ్ల మధ్య తిప్పి చూసింది. తర్వాత కోడలి చేతుల వైపు చూసింది. తిడితే బాగుండునని భవ్యకు అనిపించింది. తిట్టలేదు.

భవ్య తొట్లెను దించి గోడకు ఆనించింది. అలమరలోంచి బ్యాటరీ తెచ్చి చార్జరులో పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"రేపు పొద్దున అందరు లేచినంక, చుట్టాలు రాకముందే కొత్త జాగల బెజ్జం కొడ్త" అంది. "ఆయన స్టూలు పట్టుకుంటడు. గాజులు తీసి మీ ఒళ్ల పెడ్త అత్తమ్మా. పనైనంక నా చేతులకు మల్ల మీరే తొడగాలె."