గడ్డిని చూసి ఆగిన కారు

పశువుల డాక్టరమ్మ కుడిచెయ్యి ఇంకా కట్టులో ఉండగానే ఆమె పాత కారు ఇంటి ముందు నుంచి వెళ్లిపోయింది. అమ్మేసింది ఆమె భర్త, లెక్కల మాస్టారు. దానికి కారణం లేకపోలేదు. ఎవరి కొట్టంలోనో ఒక ఆవుకు కష్టకాన్పు చేసి, తెల్లవారుజామున తిరిగి వస్తూ ఆమె స్టీరింగ్ మీదే కునుకు తీసింది. కారు కాలువలోకి దిగింది, మణికట్టు విరిగింది. అంతకన్నా పెద్ద దెబ్బేమీ తగల్లేదు గానీ, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డారు. ఆ మాట ఆమెకు అప్పట్లో చెప్పలేదు. చెప్పడానికి బదులు కొత్త కారు కొన్నారు.

"ఇది నిన్ను రోడ్డు మీది గీత దాటనివ్వదు," అన్నారు తాళం చేతిలో పెడుతూ. "నిద్రపోనివ్వదు. ఎదురుగా ఏదైనా వస్తే నువ్వు చూడకపోయినా అదే ఆగుతుంది."

"మరి నేనెందుకు అందులో?" అంది డాక్టరమ్మ.

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు.

కట్టు విప్పాక ఆమె మళ్లీ పనిలోకి దిగింది. కారుతో గొడవ మొదటి రోజునుంచే మొదలైంది. మందుల సంచి పక్క సీటులో పెడితే కారు దాన్ని మనిషి అనుకుని బెల్టు పెట్టమని కూత పెట్టేది. చివరికి ఆమె సంచికే బెల్టు బిగించి కూర్చోబెట్టింది. రోడ్డు మీది గొయ్యి తప్పించబోతే స్టీరింగ్ చేతిలో గింజుకుని మళ్లీ గొయ్యివైపే లాగేది. వాన లేకుండానే అద్దం మీది వైపర్లు ఆడేవి. స్టీరింగ్ వెనక చిన్న కెమెరా ఒకటి ఆమె ముఖాన్నే చూస్తూ ఉండేది. అది ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎండకు కళ్లు చికిలించినా, ఒకసారి పక్కకు తిరిగి మేస్తున్న గొర్రెల్ని చూసినా, "విశ్రాంతి తీసుకోండి" అని తెర మీద ఒక కాఫీ కప్పు బొమ్మ వేసేది.

"అత్తగారు పోయి ఇన్నేళ్లకి మళ్లీ అత్తపోరు మొదలైంది," అంది ఒకరోజు భోజనాల దగ్గర.

"మా అమ్మ నిన్నెప్పుడూ ఏమీ అనలేదే," అన్నారు మాస్టారు.

"అదే చెప్తున్నా. ఆవిడే నయం."

మెల్లగా అలవాటవుతుందని ఆయన అన్నారు. ఆమె కూడా అవుతుందేమో అనుకుంది. కానీ అలవాటవుతున్నకొద్దీ ఒళ్లుమంట పెరిగింది తప్ప తగ్గలేదు. పాతికేళ్లకు పైగా బురదలో, మంచులో, దారీ తెన్నూ లేని పొలాల్లో బండి నడిపిన మనిషి ఆమె. ఒక్క తెల్లవారుజామున కన్ను మూతపడినందుకు, ఇక జన్మంతా కళ్లు తెరిచే ఉన్నానని రుజువు చేసుకోవలసి వస్తోంది, అదీ ఒక కెమెరాకి.

వానలు పడి గడ్డి ఏపుగా పెరిగిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పాలక్క ఫోన్ చేసింది. ఊరి చివర, కొండవాలు దగ్గర ఆవిడ ఒక్కతే పాడి నడుపుతోంది. ఆ చుట్టుపక్కల అందరికీ ఆవిడ పాలక్కే. గాభరాపడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతులో తేడా ఉంది.

"తొలిచూలు ఆవు, డాక్టరమ్మా. పొద్దుటినుంచి నొప్పులు పడుతోంది. తల కనపడుతోంది, ఒక కాలే కనపడుతోంది. రెండో కాలు లేదు."

"లోపల మడతపడి ఉంటుంది. లాగొద్దు. నేను బయల్దేరాను," అంది డాక్టరమ్మ.

పెద్ద రోడ్డు మీద బాగానే వచ్చింది. పాలక్క కొట్టానికి వెళ్లే సందులోకి తిరగ్గానే కారు నిలువునా ఆగిపోయింది. బెల్టు ఛాతీని కోసినట్టు పట్టేసింది. సంచి ముందుకు ఊగి వెనక్కి పడింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: ఎదురుగా అడ్డంకి.

అడ్డంకి అంటే గడ్డి. సందుకు రెండు వైపులా నడుము ఎత్తు పెరిగి, గాలికి దారి మీదికి ఒరిగింది. పాల వ్యాను పొద్దున దాన్ని తోసుకునే వెళ్లినట్టు చక్రాల జాడలు స్పష్టంగా ఉన్నాయి. ఆమె మెల్లగా కదిలించింది. కారు నాలుగు అడుగులు వేసి మళ్లీ ఆగింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. ఇంజను ఉరిమింది, కారు కదిలింది, గాలి కొట్టి గడ్డి వంగింది, మళ్లీ ఆగింది.

"గడ్డే తల్లీ, గడ్డి," అంది కారుతో, మొండి పశువుకు నచ్చచెప్పినట్టు. తర్వాత ఆమె నోటినుంచి వచ్చిన మాటలు కొట్టాల్లో కూడా వినపడనివి.

తనంతట తానే పడే ఆ బ్రేకును పనిచేయకుండా ఆపే వీలు ఎక్కడో ఉందని ఆమెకు తెలుసు. తెర మీద సెట్టింగ్స్‌లోకి వెళ్లింది. అందులో భద్రత, భద్రతలో సహాయం, సహాయంలో ఇంకో పొడుగాటి పట్టీ. వేలి మీది చెమటకు తెర పలకడం మానేసింది. అంతలో ఫోన్ మోగింది.

"నాలుక బయటికొచ్చింది డాక్టరమ్మా. రంగు మారుతోంది. ఎక్కడున్నారు?"

డాక్టరమ్మ కారును అక్కడే వదిలేసింది. సంచి భుజాన వేసుకుని, కాన్పు తాళ్లు మెడలో వేసుకుని, రబ్బరు బూట్లతో ఆ ఎత్తు దారిలో పరిగెత్తింది. వయసు యాభై దాటింది, మణికట్టు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. కొట్టం చేరేసరికి రొప్పుతోంది. పాలక్క అందించిన బకెట్‌లో చేతులు కడిగి, భుజం దాకా సబ్బు నురగ పూసుకుని, నేలమీద పడుకున్న ఆవు వెనక బోర్లా పడుకుంది.

దూడ తలను వెనక్కి నెట్టాలి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవు ముందుకు తోస్తుంది, ఆ తోపు తగ్గేదాకా ఓపిక పట్టాలి. లోపల మడతపడ్డ కాలును వెతికి, గిట్ట గర్భసంచిని చీల్చకుండా దాన్ని అరచేతిలో దాచుకుని, ముందుకు తేవాలి. ఆమె చేసింది. మణికట్టు దగ్గర పాత నొప్పి మోచేతి దాకా పాకింది. జేబులో ఫోన్ మోగుతోంది. ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ.

"తియ్యమంటారా?" అంది పాలక్క.

"వద్దు. తాడు అందుకో."

ఇద్దరూ కలిసి లాగారు. దూడ గడ్డి పరుపు మీదికి జారింది. పెయ్యదూడ, ఎర్రది, నుదుటి మీద తెల్ల మచ్చ. డాక్టరమ్మ దాని ముక్కులోని జిగురు తీసింది, వెనక్కాళ్లు పట్టి ఎత్తింది, డొక్కలు రుద్దింది, గడ్డిపోచతో ముక్కులో పొడిచింది. గుండె మీద చెవి ఆనించి చాలాసేపు ఉంది. తర్వాత లేచి కూర్చుంది.

"తల్లి బాగానే ఉంది. మాయ పడేదాకా కనిపెట్టుకుని ఉండు," అంది.

పాలక్క దూడ మీద గోనెపట్టా కప్పింది. ఆవు తల తిప్పి పట్టావైపు చూస్తోంది.

"కారు సందు మొదట్లో ఆగిందేం? పాడైందా?" అంది పాలక్క. నిందించడానికి అడగలేదు, ఊరికే అడిగింది.

డాక్టరమ్మ కాన్పు తాళ్లు చుట్టి సంచిలో పెట్టింది. గడ్డిని చూసి ఆగిందని ఎలా చెప్పడం? తాను ముందే వచ్చి ఉంటే దూడ బతికేదా, ఫోన్ వచ్చేసరికే చేయి దాటిపోయిందా, అది ఆమెకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. అరికాలి మంట నెత్తికెక్కింది అక్కడే.

చేతులు కడుక్కుని ఫోన్ చూసింది. అన్నీ మాస్టారి పిలుపులే. వెనక్కి చేసింది.

"ఎక్కడున్నావ్? ఏమైంది నీకు?" అన్నారాయన. "సడన్ బ్రేకులు వేశావట, ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత కారు తలుపు తెరిచే ఉందట."

"మీకెవరు చెప్పారు?"

"కారు చెప్పింది," అన్నారు మాస్టారు.

ఆమె ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది. బూట్ల మట్టి గచ్చు మీద రాలుతోంది. "చూపించండి," అంది. ఆయన ఫోన్ ఇచ్చారు. అందులోని కారు కంపెనీ యాప్‌లో అన్నీ ఉన్నాయి. ఆమె ఎక్కడ ఆగింది, ఎంత వేగంతో వెళ్లింది, ఎప్పుడు ఆవలించింది, కారు ఎన్నిసార్లు కాఫీ కప్పు చూపించింది. ఏ రోజు ఎలా నడిపిందో మార్కులు కూడా ఉన్నాయి.

"మార్కులా?" అంది.

"అవి నేను చూడను. కంపెనీ వాళ్లే వేస్తారు."

"నేనెలా ఉన్నానని ఆ రేకు డబ్బాని అడిగారు. రోజూ పక్కనే పడుకునే మనిషిని అడగలేదు."

"అడిగితే నువ్వు నిజం చెప్తావా? ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటావు. ఆ రోజు కూడా అదే అని బయల్దేరావు." మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. "నీకేం తెలుసు, ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను గుమ్మంలోంచి లేవలేకపోయాను. పక్కింటాయన వచ్చి లేపాడు."

ఆమె ఆ మాట విన్నది. కానీ కోపం మీద ఉన్న మనిషికి జాలి కూడా కారంలాగే తగులుతుంది. "దూడ చచ్చిపోయింది," అని మాత్రం చెప్పి స్నానానికి వెళ్లిపోయింది.

మర్నాడు ఇద్దరూ షోరూమ్‌కు వెళ్లారు. అద్దాల గది, మెరిసే నేల, ఇస్త్రీ చొక్కా వేసుకున్న సర్వీస్ మేనేజరు. అతను కారుకు ఒక వైరు తగిలించి, చేతిలోని ట్యాబ్‌లో చాలాసేపు చూశాడు.

"లోపమేమీ లేదు సార్. సిస్టమ్ నార్మల్‌గానే పనిచేస్తోంది."

ఆ మాట అతను చెప్పింది మాస్టారితో. కారు నడిపేది తానని డాక్టరమ్మ గుర్తు చేసింది.

"గడ్డిని చూసి ఆగడం నార్మలా?" అంది.

"అడ్డంకి ఉంటే ఆగుతుంది మేడమ్. మీ భద్రత కోసమే."

"అయితే తప్పు గడ్డిదా?"

"ఆ దారిలో గడ్డి కోయించుకోమని చెప్పొచ్చు కదా మేడమ్ వాళ్లకి."

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "ఆ బ్రేకు పూర్తిగా తీసేయండి."

"కుదరదు మేడమ్. మీరు ఆపుకోవచ్చు, కానీ ఇంజను స్టార్ట్ చేసినప్పుడల్లా మళ్లీ వస్తుంది. అందరికీ అంతే."

"ఒక ప్రాణం పోయిందయ్యా అక్కడ."

"సారీ మేడమ్." అతను గొంతు తగ్గించి మళ్లీ మాస్టారి వైపు తిరిగాడు, నిమ్మకు నీరెత్తినట్టు. "కొంతమందికి కొత్త టెక్నాలజీ అలవాటవడానికి టైం పడుతుంది సార్. మేడమ్‌ని కొన్నాళ్లు మీరు పక్కన కూర్చుని నడిపించండి. డ్రైవింగ్ కాస్త మెరుగవుతుంది."

అప్పటిదాకా నోరు విప్పని మాస్టారు కుర్చీ వెనక్కి జరిపి లేచారు. తరగతిలో కూడా గొంతు పెంచే అలవాటు లేదు ఆయనకు. అప్పుడూ పెంచలేదు.

"నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే," అన్నారు. "కొండ మీద, వానలో. మీ కారుకి గడ్డికీ గోడకీ తేడా తెలియదు. దానికి నేర్పండి ముందు."

మేనేజరు ఏదో అనబోయాడు. మాస్టారు తాళం తీసుకుని బయటికి నడిచారు. డాక్టరమ్మ వెనకే వచ్చింది. కారులో కూర్చున్నాక, చాలా రోజుల తర్వాత ఆమె భర్తవైపు పూర్తిగా తిరిగి చూసింది.

ఆ వారమంతా మాస్టారు బడి అయ్యాక ఆమె వెంట తిరిగారు. పాలక్క సందులో, ఆయన నడుపుతుండగానే, కారు మళ్లీ నిలువునా ఆగింది. ఆయన కళ్లజోడు ఊడి ఒళ్లో పడింది. దిగి, గొడుగుతో గడ్డిని పక్కకు తోస్తూ ముందు నడిచారు. ఆమె వెనక కారు తెచ్చింది. కారు ఈసారి గడ్డిని వదిలేసి మాస్టారిని చూసి ఆగింది. ఆమెకు నవ్వొచ్చింది, కోపంలోనే వచ్చింది. కాన్పయ్యాక ఆవుకు పట్టుకున్న జ్వరం తగ్గిందో లేదో చూసి, ఇంకో రెండు కొట్టాలు తిరిగి, సాయంత్రం వెనక్కి బయల్దేరారు. స్టీరింగ్ దగ్గర ఆమే ఉంది.

పెద్ద రోడ్డెక్కాక కారు కూసింది. తెర మీద కాఫీ కప్పు.

"చూశారా? మొదలుపెట్టింది," అంది.

మాస్టారు తెరవైపు చూడలేదు. ఆమెవైపు చూశారు.

"నిద్ర వస్తోందా?" అని అడిగారు, మెల్లగా.

'లేదు' అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ కళ్లలో ఇసుక పోసినట్టుంది. కొద్దిసేపటి కిందట దాటిన వంతెన ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. ఈ దిక్కుమాలిన కారు ఒక్కసారైనా నిజం చెప్పినందుకు, గడ్డి దగ్గర ఆగినప్పటికన్నా ఎక్కువ మండింది ఆమెకు. అబద్ధాల పుట్టలోంచి ఒక నిజం వస్తే దాన్ని ఎవరు నమ్ముతారు? తాను నమ్మేది కాదు. ఆయన అడగకపోతే అలాగే నడుపుతూ పోయేది.

"వస్తోంది," అంది. కారు పక్కకు తీసి ఆపింది.

ఇద్దరూ సీట్లు మారారు. కదిలే ముందు మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి, ఆమె చూస్తుండగానే ఆ యాప్ తీసేశారు.

"ఇకమీదట నిన్నే అడుగుతా. విసుక్కోకు."

"విసుక్కుంటాను," అంది డాక్టరమ్మ సీటు వెనక్కి వాల్చి. "అయినా నిజమే చెప్తాను."

కొత్త కారును బడికి వెళ్లి రావడానికి ఆయనే ఉంచుకున్నారు. బడి దారిలో గడ్డి లేదు, అయినా అప్పుడప్పుడు చెత్తకుండీని చూసి ఆగుతోందట. షోరూమ్‌కు ఫోన్ చేసిన ప్రతిసారీ నార్మల్ అనే చెప్పారు. పోట్లాడటం ఆయన కూడా మానలేదు.

డాక్టరమ్మ ఒక పాల వ్యాపారి దగ్గర పాత పికప్ బండి కొనుక్కుంది. తలుపు రెండుసార్లు వేస్తే గానీ పడదు. కష్టకాన్పు అయిన రోజున కొట్టంలోనే ఓ కునుకు తీసి బయల్దేరుతుంది, లేదా మాస్టారు వచ్చి తీసుకెళ్తారు. ఆ ఒప్పందాన్ని ఇద్దరూ గొణుక్కుంటూనే పాటిస్తున్నారు.

మరుసటి నెలలో పాలక్క మరో ఆవుకు పొదుగు వాచిందని పిలిచింది. గడ్డి ఇంకా ఎవరూ కోయలేదు. పికప్ దాన్ని తోసుకుంటూ తిన్నగా కొట్టం ముందుకు వచ్చింది. పాలక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి బండిని ఒక చుట్టు చుట్టి చూసింది.

"ఇది ఆగదు కదా, డాక్టరమ్మా?"

"నేను ఆపితే ఆగుతుంది," అంది ఆమె. సంచి దింపుకుని లోపలికి నడిచింది.