మూడో రోజు పొట్టు

సేరన్ కొట్టులో మంచం ఒక్కటే. ఆవిరి పట్టే యంత్రం లేదు, గీకే పరికరాల్లేవు, మొహాన చురుక్కుమనే మందు సీసా ఒక్కటీ లేదు. బూసాన్ మొత్తం మీద ఇంత బోసి అందాల కొట్టు ఇంకోటి ఉండదని వాళ్ళమ్మ జొమ్‌న్యొ వచ్చినప్పుడల్లా దెప్పేది. సేరన్ నాలుగేళ్ళు ఒక పెద్ద చర్మ క్లినిక్‌లో పనిచేసింది. మందు రాసి పైచర్మం ఊడగొట్టే పీలింగ్‌కి పది సార్లకి కలిపి టిక్కెట్లు అమ్మడం, నీళ్ళు తగిలినా మంటేనని ఏడ్చే ఆడవాళ్ళకి సర్దిచెప్పడం, అదే పని. విసుగెత్తి బయటికొచ్చి ఈ కొట్టు పెట్టుకుంది. చర్మం పైన పల్చటి పొర ఒకటుంటుంది, లోపలి తేమను పోనివ్వదు, బయటి చెత్తను రానివ్వదు. దాని జోలికి పోకపోవడమే సగం వైద్యమని ఆమె నమ్మకం. గోరువెచ్చని నీళ్ళు, నురగ తక్కువ సబ్బు, చల్లటి తడిగుడ్డ, వాసన లేని క్రీము. అంతకుమించి ఏమీ చెయ్యదు.

ఇది జొమ్‌న్యొకి వైద్యంలా కనిపించలేదంటే ఆమెనేం అనలేం. ముప్పై నాలుగేళ్ళుగా యొంగ్దో పేటలోని ఆడవాళ్ళ స్నానశాలలో ఒళ్ళు రుద్దే పని ఆమెది. వేడినీళ్ళలో నానిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని, మట్టి పోగులు పోగులుగా రాలేదాకా రుద్దుతుంది. ఆ పోగులు కంటబడితేనే డబ్బిచ్చినవాళ్ళకి తృప్తి. ఎవరి ఒంటి మీద పొట్టు కనిపించినా ఆమె చెయ్యి ఊరుకోదు.

ఆ చెయ్యే కొంప ముంచింది. కొడుకు దోంగ్యుకి సంబంధం కుదిరింది. రెండు కుటుంబాలూ మొదటిసారి కలిసి భోంచేసే రోజు దగ్గరపడింది. పెళ్ళికూతురి తల్లిది డబ్బున్నవాళ్ళుండే హేఉందే, నున్నటి మొహమట. అది విన్న దగ్గర్నుంచీ జొమ్‌న్యొకి నిద్రపట్టలేదు. కూతురికి చెబితే వద్దంటుందని, చెప్పకుండా మార్కెట్ సందులో ఎక్కడో పీలింగ్ చేయించుకుంది. మూడో రోజుకి పొట్టు లేస్తుంది, ముట్టుకోవద్దని అక్కడివాళ్ళు చెప్పారు. మూడో రోజు స్నానశాల అద్దంలో మొహమంతా పొట్టు కనబడింది. ఆమె కంటికి అది మట్టి. వేడినీళ్ళ తొట్టిలో నాని, గుడ్డ తొడుక్కుని, తుడిచిపెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే మాస్కు వేసుకుని కూతురి కొట్టు మెట్లెక్కింది. లోపలికొచ్చాక మాస్కు తీసింది. బుగ్గలూ గడ్డమూ పచ్చి మాంసంలా ఉన్నాయి. సేరన్‌కి ముందు కోపమొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది, రెండూ మింగేసింది. భోజనానికి ఇంకా పన్నెండు రోజులుంది. జొమ్‌న్యొ మాత్రం తాపీగా, ఇంకొంచెం గట్టి మందేదైనా వేసి మిగిలింది కూడా లాగేస్తే సాఫైపోతుంది కదా అంది.

"అమ్మా, ఈ పన్నెండు రోజులూ ఈ మొహం నాది. నువ్వు ముట్టుకోడానికి వీల్లేదు," అంది సేరన్.

ఆ పూటే చర్మ వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళింది. చీము పట్టలేదన్నాడాయన, లేపనం ఒకటి రాసిచ్చాడు, మిగతాదంతా మీ అమ్మాయి చెప్పినట్టే వినమన్నాడు. స్నానశాల యజమానురాలిని బతిమాలి, ఆవిరి గదిలోంచి తల్లిని తీయించి తాళంచెవులిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టించింది సేరన్. ఆవిరిలో లోపలి బట్టల మీదే రుద్దే జొమ్‌న్యొ, ముప్పై నాలుగేళ్ళలో నిండా బట్టలేసుకుని పనిచేయడం అదే మొదలు. వచ్చేపోయే ఆడవాళ్ళంతా ఆమె మొహంకేసి చూసి గుసగుసలాడుకునేవారు.

పొద్దునా సాయంత్రం సేరన్ చేసిందల్లా ఒక్కటే. నీళ్ళు చిలకరించడం, తడిగుడ్డ పరవడం, లేపనం, దానిమీద క్రీము. రుద్దకుండా, వేలి కొసలతో అద్దడం. అయిదో రోజున జొమ్‌న్యొ ఓపిక చచ్చిపోయింది.

"నీళ్ళద్ది నలభై వేల వోన్లు గుంజుతున్నావటే జనం దగ్గర? మంట లేందే మందెలా పని చేస్తుందే?"

"మంట పుట్టిందంటే పొర పోయిందని అర్థం. కదలకు."

ఎనిమిదో రోజు ఇంటికెళితే, తల్లి స్నానాలగదిలో తలుపేసుకుని ఉంది. చేతికి ఆ గుడ్డ. ముక్కు పక్కన పొట్టు కొంచెం లేచింది, చిన్న ముక్కే, అని నసిగింది. సేరన్ అరవలేదు. గుడ్డ లాక్కుని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది. వెతికి వెతికి ఇంట్లో ఉన్న మిగతా ఏడు గుడ్డల్నీ కూడా కత్తిరించింది. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు. మర్నాడు మాత్రం జొమ్‌న్యొ వేళకే వచ్చి మంచమెక్కింది. నీళ్ళు చిలకరిస్తే ఉలిక్కిపడలేదు. తడిగుడ్డ కింద చిన్నగా గురక కూడా పెట్టింది. ఆ గురక వింటూ సేరన్ చాలాసేపు అలాగే నిలబడింది, కడుపు నిండినట్టయింది.

భోజనం నాటికి పచ్చితనం పోయింది గానీ ఎరుపు పోలేదు. దట్టంగా పౌడరు మెత్తందే గడప దాటనని జొమ్‌న్యొ భీష్మించుకుంది. సేరన్ ససేమిరా అంది. తండ్రి లేడు, తల్లి కూడా రాకపోతే దోంగ్యు పక్కన కుర్చీలు ఖాళీ, సంబంధమే చెడొచ్చు. అదంతా తెలిసే సేరన్ పంతం విడవలేదు. ఈ పన్నెండు రోజుల కష్టం ఒక్క పూట పౌడరుకి బలిపెట్టనంది. ఎండ తగలకుండా పల్చటి క్రీము ఒక్కటే రాసి, తల్లి చెయ్యి పట్టుకుని టాక్సీ ఎక్కించింది.

హోటల్ గదిలో వియ్యపురాలు ఎదురుగా కూర్చుంది. ముత్యాల రంగు జాకెట్టు, అచ్చం విన్నట్టే నున్నటి మొహం. జొమ్‌న్యొ తల దించుకుని గంజి గిన్నెలోకే చూస్తూ కూర్చుంది. దోంగ్యు బిత్తరచూపులు చూస్తున్నాడు. సేరన్‌కి చేసినదంతా తప్పేమోననిపించింది, మొట్టమొదటిసారి.

చేపల పళ్ళెం వచ్చేసరికి జొమ్‌న్యొ తలెత్తింది. ఎత్తిన చూపు వియ్యపురాలి గడ్డం దగ్గర ఆగిపోయింది. పౌడరు కింద, పెదవి పక్కనుంచి దవడ దాకా, పొట్టు. గది వెలుగులో ఇంకెవరికీ కనిపించేది కాదు. బల్ల మీద జొమ్‌న్యొ కుడిచెయ్యి దానంతటది లేచింది.

చెయ్యి గాల్లోనే ఆగింది. జొమ్‌న్యొ దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, ఎడమచేత్తో అదిమి పట్టుకుంది.

"వదినగారూ, ఎన్నో రోజండీ?"

ఆవిడ మొహం పౌడరు మీంచి కూడా కందిపోయింది. భర్తకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది. "మూడో రోజు. మీరందరూ చూస్తారని చేయించుకున్నా. మంటతో చచ్చిపోతున్నానండీ."

"నేనూ మీరు చూస్తారనే చేయించుకున్నా. నాది ఒళ్ళు రుద్దే పని, ఊరుకోలేక రుద్దేసుకున్నా. ఇదిగో, ఇదీ ఫలితం." జొమ్‌న్యొ మొహం దీపం వైపు తిప్పి చూపించింది, ఆ ఎరుపంతా. "మీరు దాన్ని ముట్టుకోకండి. రేపు మా అమ్మాయి కొట్టుకి రండి. ఏమీ చెయ్యదు. ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో దానికొక్కదానికే తెలుసు."