తెలుగులో రాసెయ్

మా ఆయన ఉత్తరాలు మా ఆయనే రాశాడా అన్న అనుమానం నాకు ముప్పై ఏళ్ళుగా ఉంది. "నీళ్ళ బిందెలు రెండూ ఒకేసారి మోయొద్దు, మా నాయన విసుక్కుంటే మనసులో పెట్టుకోవద్దు" అని సరిహద్దు నుంచి రాసే మనిషి, సెలవు మీద తిరుపతికి వస్తే "కాఫీ" అన్న మాట తప్ప ఇంకోటి అనేవాడు కాదు. ఒకసారి అడిగితే, "ఉత్తరంలో రాసిందంతా మళ్ళా నోటితో సెప్పాల్నా?" అన్నాడు. మంచాన పడ్డ మామగారికి పదకొండేళ్ళు మలమూత్రాలెత్తింది ఆ ఉత్తరాల అండతోనే. మొగుణ్ణి అనుమానించడం పాపమేమోనని స్వామి పటం ముందు చెంపలేసుకునేదాన్ని. అనుమానం మాత్రం పోలేదు.

ఆయన పోయిన ఏడాదికి ఒక గ్రంథాలయం వాళ్ళు కాగితాలన్నీ అడిగారు, కర్నల్ గారి పేరుతో భద్రపరుస్తామని. నా దగ్గరున్న ఉత్తరాలూ ఇచ్చాను. జాబితా రాయడానికి వచ్చిన మహిత, ఆయన డైరీలోంచి ఇంగ్లీషు చీటీ ఒకటి తీసి నవ్వింది.

"'క్షేమం. డబ్బు పంపాను. నాయన్ను బాగా చూసుకోమను. కుప్పుస్వామీ, తెలుగులో రాసెయ్.' ఇట్లాంటివి కట్ట ఉండాయమ్మా. ఎవురీ కుప్పుస్వామి?"

పటాలంలో ఆయన దగ్గర పనిచేసిన గుమాస్తా, బంగారుపాళ్యం మనిషి. డైరీలోనే నంబరు దొరికితే ఫోన్ చేశాను.

"తప్పయిపోయిందమ్మగారూ. సార్ రెండు ముక్కలు రాసిచ్చేవోడు. కాగితం శానా ఖాళీగా కనిపించేది. మిగతాది నేనే నింపినా."

"నా మీద అంత దయ ఎందుకప్పా?"



"మీ మీద కాదమ్మా. మా యశోదమ్మకు సెప్పల్లనుకున్నివి. నా ఇంటామెకు సదువు రాదు. ఇంగొకరు సదివి ఇనిపిస్తే నగుతారని భయం."

నాకు ఇద్దరు మగవాళ్ళ మీదా కోపం వచ్చింది. ఆ మాటలు నమ్మి నేను చాకిరీ చేశాను. అవి అందకుండానే ఆమె చేసింది.

మహిత పెట్టెలోంచి ఉత్తరాల కట్ట తీసేసుకున్నాను.

"సార్ కాగితాల్లో అవే ముఖ్యమమ్మా!"

"అవి సార్‌వి కావు."

మర్నాడు బంగారుపాళ్యం బస్సెక్కాను. యశోదమ్మ వాకిట్లో మామిడి ముక్కలు ఎండబెడుతోంది. విషయం చెబితే మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈ మూగోడా? నమ్మేదేనా అమ్మా? నీళ్ళు గావల్లన్నా చెంబు సూపిస్తాడు."

కుప్పుస్వామి తల వంచుకుని పెరట్లోకి పోయాడు.

"ఇవి నీకు రావాల్సినవి. ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండిపోయాయి" అని కళ్ళజోడు పెట్టుకుని మొదటి ఉత్తరం విప్పాను. "ప్రియమైన ప్రసన్నకు" అని ఉన్నచోట, "ప్రియమైన యశోదకు" అని చదివాను.