నాలుగు వందల పన్నెండు అరుపులు

బొమ్మల సీరియల్లో పదేళ్ల కుర్రాడు కొండ మీది నుంచి పడుతూ అరిచే అరుపు నిజానికి ముప్ఫై నాలుగేళ్ల ఇల్లాలిది అని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానేయండి. డబ్బింగు స్టూడియోల్లో పద్ధతే అది. నిజం కుర్రాణ్ణి తెచ్చి పెట్టుకుంటే రెండేళ్లలో వాడి గొంతు మారిపోతుంది, సీరియలేమో ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకని అక్కడ ఆడవాళ్లే కుర్రాళ్లు. ఈ కుర్రాడి గొంతు పిచ్చుకది. ఆవిడకు అసలు పేరొకటుంది గానీ స్టూడియోలో అడుగు పెట్టిన రోజునే మాస్టారు "రా తల్లీ పిచ్చుకా" అన్నారు, అప్పటి నుంచి అందరికీ పిచ్చుకే.

మాస్టారంటే ఎవరు ఏ మాట ఎలా పలకాలో నేర్పి పలికించే పెద్దాయన. ఆ సీరియల్లో కుర్రాడి గురువుకి గొంతిచ్చేదీ ఆయనే. ఆయన మీద ఆ భవనంలో చెడ్డ మాట వినపడదు. ఒకర్ని కసిరింది లేదు, ఒకరి మీద గొంతు పెంచింది లేదు. వాచ్‌మన్ కూతురికి పరీక్షలెప్పుడో వాచ్‌మన్ మర్చిపోయినా ఆయన మర్చిపోరు. మూడేళ్ల కిందట పిచ్చుక బస్టాండులో కూర్చుని బస్సుల వేళలు మైకులో చదువుతుంటే, ఈయన ఎక్కాల్సిన బస్సు వదిలేసి మూడు గంటలు బెంచీ మీద కూర్చుని విన్నారు. ఆ తర్వాత కిటికీ దగ్గరికొచ్చి "నీ గొంతులో ఒక పిల్లాడున్నాడమ్మా, బయటికి రానివ్వు" అన్నారు. బస్సుల వేళలు చదివే మనిషితో అలా ఎవరంటారు? ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. మీకైనా తిరుగుతాయి.

సీరియల్లో కుర్రాడి బలమంతా అరుపులోనే ఉంది. వాడు అరిస్తే బండలు పగులుతాయి, రాక్షసులు కూలుతారు. ఆ విద్య నేర్పిన గురువు పసుప్పచ్చ కోటు వేసుకుని ఎప్పుడూ నవ్వుతుంటాడు. వర్షంలో నవ్వుతాడు, నిప్పులో నవ్వుతాడు. పిల్లల సంచుల మీద, నీళ్ల సీసాల మీద ఆయన బొమ్మే. పెళ్లాం బిడ్డలున్న మగాళ్లు కూడా ఫోన్లో ఆయన మొహం పెట్టుకుని తిరుగుతున్నారు.

ఆయనంటే పడనిది లోకంలో ఒక్కరికే. పిచ్చుక అత్తగారికి. కోడలి గొంతు వినడానికని ప్రతి ఆదివారం సాయంత్రం అయిదున్నరకల్లా టీవీ ముందు చేరేది, చేరిన దగ్గర్నుంచి సణుగుడే.

"ఏమే, ఈ ముసలాడు ఆ పిల్లాడికి ఒక్కనాడైనా అన్నం పెట్టాడా?"

"ఆయన గురువు అత్తయ్యా, వంటవాడు కాదు."

"గురువైతే మాత్రం? వాడు పొద్దున్నించీ బండలు పగలగొడుతున్నాడు, వీడు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. 'నీలో ఏదో ఉంది' అంటాడు. ఏముందో చెప్పడు. ఆ ఉన్నదేదో అరిగిపోతే ఏం చెయ్యాలో అసలే చెప్పడు. తడిగుడ్డతో గొంతులు కోసే రకం."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నవ్వేసేది పిచ్చుక. మాస్టారి గొంతుని అలా అంటే మనసులో కొంచెం కష్టంగానే ఉండేది.

తొంభయ్యో భాగంలో అసలు సంగతి బయటపడింది. ఈ కుర్రాడికి ముందు గురువుకి ఇద్దరు శిష్యులుండేవారట. అరుపు విద్య అరిచేవాడి ఒంటినే తినేస్తుందట. ఇద్దరూ అలాగే పోయారట. ఆ సంగతి గురువుకి మొదటి నుంచీ తెలుసు. కొండ మీద వానలో నిలబడి ఆయన ఆ మాట చెప్పి మొదటిసారి కన్నీరు పెట్టుకున్నాడు. అది చెబుతుంటే మైకు ముందు మాస్టారి గొంతు నిజంగానే పూడుకుపోయింది. సీరియల్ చూసినవాళ్లంతా భోరుమన్నారు. అత్తగారు మాత్రం వక్క నములుతూ కూర్చుంది.

"పోయిన ఇద్దరి పేర్లేమిటే?"

పిచ్చుక ఆలోచించింది. పేర్లు లేవు. రాసినవాళ్లు పెట్టలేదు.

"చూశావా. చచ్చింది వాళ్లు, ఏడుపు మాత్రం వీడి కోసం" అంది అత్తగారు.

ఇక స్టూడియో పద్ధతొకటి చెప్పాలి. అరుపులు ఎప్పుడూ చివర్లోనే తీస్తారు. ముందే అరిస్తే గొంతు బొంగురుపోయి మాటలు పాడవుతాయి. అందుకని మాటలన్నీ అయ్యాక, సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేవి అరుపులు. ఒక్కొక్కటి బాగానే వచ్చేది. వచ్చాక కూడా మాస్టారు మైకు గది అద్దం అవతల నుంచి మెత్తగా అనేవారు: "బంగారంలా వచ్చింది తల్లీ. ఇంకొక్కటి తీసి పెట్టుకుందాం." పిచ్చుక ఇంకొకటి ఇచ్చేది. మూడేళ్లు ఇచ్చింది. తనంటే ఆయనకి ఎంత ఇష్టమో అనుకుంటూ ఇచ్చింది.

మూడో ఏడు సగమయ్యేసరికి పొద్దున లేవగానే మాట రాకుండా పోవడం మొదలైంది. గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, తెర మీద చూపించింది. రెండు తెల్లటి బుడిపెలు, వాటి పక్కన ఉబ్బిన ఎర్రటి నరం.

"నలభై రెండు రోజులు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చేటు. ఇప్పుడు గట్టిగా ఒక్క అరుపు అరిచారంటే ఆ నరం చిట్లుతుంది. తర్వాత మామూలు మాట కూడా వస్తుందని నేను చెప్పలేను" అంది డాక్టరు.

అప్పటికి సీరియల్లో మూడే భాగాలు మిగిలాయి. ఆ కాగితం పట్టుకుని పిచ్చుక మాస్టారి గదికి వెళ్లింది. ఆయన మొత్తం చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, కళ్లు కూడా తుడుచుకున్నారు. గోరువెచ్చటి నీళ్లు తెప్పించి దగ్గరుండి తాగించారు.

"నేను భయపడుతూనే ఉన్నాను తల్లీ. నా గొంతుకీ ఇదే అయింది, నీ వయసులోనే. ఈ బొంగురు ఎక్కడిదనుకున్నావు?"

ఆ బొంగురంటే జనం పడి చస్తారు. పిచ్చుక ఫోన్లో టైపు చేసి చూపించింది: మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?

"చెబితే భయపడతావు. భయపడ్డ గొంతు మూసుకుపోతుంది. ఇక అరుపులో ప్రాణమేం ఉంటుంది?" అన్నారాయన, పసిపిల్లకి నచ్చజెప్పినట్టు. "నువ్వు దిగులు పడకు. నేను ఎప్పుడో ఏర్పాటు చేశాను. రా, చూపిస్తాను."

పక్క గదిలో సౌండు ఇంజనీరు కంప్యూటర్ తెరిచాడు. నడివయసు మనిషి, బట్టతల, ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు పిచ్చుక వైపు చూడనైనా లేదు. తెర మీద 'పిచ్చుక' అని ఒక ఫోల్డరు, అందులో వరసగా అరుపులు. పడే అరుపులు. దెబ్బ తిన్న అరుపులు. దూరం నుంచి పిలిచేవి. ఊపిరి ఎగబీల్చి లేచేవి. చావు అరుపు చిన్నది, చావు అరుపు పెద్దది. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఒక్కోదానికి తేదీ.

"చూశావా. నీ అరుపులు ఎక్కడికీ పోవు. మాటలు ఇంకో అమ్మాయి చెప్పినా, అరుపులు నీవే ఉంటాయి. ఎవరూ పోల్చుకోలేరు" అన్నారు మాస్టారు. ఆ మనిషి మొహంలో నిజంగా సంతోషం ఉంది. మనవరాలికి కొన్న గౌను చూపించే తాత మొహంలా ఉంది.

పిచ్చుక మొదటి తేదీ చూసింది. తను చేరిన రెండో నెల. అప్పటికి గొంతు తేనెలా ఉండేది, బుడిపె లేదు, మచ్చ లేదు. అప్పుడే ఈయన దాచడం మొదలుపెట్టారు. పైన ఇంకో రెండు ఫోల్డర్లున్నాయి. ఒకదాని పేరు చిలక, ఇంకోదాని పేరు మైన. ఇద్దరూ తనకి ముందు కుర్రాళ్లకి గొంతిచ్చినవాళ్లే. చిలక పెళ్లయి వెళ్లిపోయిందనీ, మైనకి ఆసక్తి పోయిందనీ స్టూడియోలో చెప్పుకునేవారు.

ఇక్కడ ఆవిడకి ఒళ్లు మండి ఉండాలి. కుర్చీ ఎత్తి కంప్యూటర్ మీద వేసినా తప్పు లేదు, నేనైతే వేసేదాన్ని. కానీ ఆవిడకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా అయిపోయింది. తనదేనని తెలుస్తుంది, తాకితే మాత్రం ఏమీ తెలియదు.

"ఇందులో లేనిది ఒక్కటే" అన్నారు మాస్టారు. "ఆఖరి భాగంలో కుర్రాడు గురువుని పిలిచే పిలుపు. ఆ పొడుగు వేరు, దాన్ని అతికించడం కుదరదు. ఒక్కటివ్వు తల్లీ. ఆ తర్వాత నలభై రెండు రోజులు కాదు, నూరు రోజులు నోరు విప్పకు. నీలో అది ఉందని నాకు తెలుసు. ఇవ్వనంటే సరే, నేనేమీ అనుకోను."

కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పిచ్చుక కాళ్లు వాటంతటవే మైకు గదిలోకి నడిచాయి. అలవాటు అలాంటిది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఎర్ర దీపం వెలిగింది. తెర మీద కొండ అంచున కుర్రాడు కరిగిపోతున్నాడు. ఎదురుగా పసుప్పచ్చ కోటు. చెయ్యి చాపడు, ముందుకి అడుగెయ్యడు, నవ్వుతూ నిలబడి ఉంటాడు. కుర్రాడు నోరు తెరిచాడు. పిచ్చుకా తెరిచింది, ఊపిరి నిండా పీల్చింది. భయమో కోపమో ఏదో ఒకటి వచ్చి తనని ఆపుతుందనో, ఉసిగొల్పుతుందనో చూసింది. ఏదీ రాలేదు. పీల్చిన ఊపిరి ఊపిరిగానే బయటికి పోయింది. చప్పుడు లేదు.

దాన్ని ధైర్యం అనకండి. ఆవిడ ఎదిరించలేదు. లోపల ఇవ్వడానికేమీ మిగల్లేదు, అంతే. నరం చిట్లలేదు, అదొక్కటే మేలు.

హెడ్‌ఫోన్లో మాస్టారి గొంతు, తడితడిగా: "ఉంచండి. అదే ఉంచండి."

ఇంజనీరు ఆ ఊపిరిని కూడా ఫోల్డరులో వేశాడు. నాలుగు వందల పదమూడు.

ఆఖరి భాగం టీవీలో వచ్చింది. కుర్రాడు నోరు తెరిచాడు, అరుపు లేదు, గాలి మాత్రమే. జనం గుండెలు బాదుకున్నారు. ఇంత గొప్ప ఆలోచన ఎవరిదని రాశారు. టీవీవాళ్లు మాస్టారిని కూర్చోబెట్టి అడిగితే ఆయన కళ్లు తుడుచుకుని, "నాదేం లేదు. అది నా పిచ్చుక నాకిచ్చిన గురుదక్షిణ" అన్నారు. దాంతో ఆయన మీద ప్రేమ రెండింతలైంది. అత్తగారు అది చూసి టీవీ కట్టేసింది.

నలభై రెండు రోజులు గడిచాయి. డాక్టరు చూసి బుడిపెలు తగ్గాయంది. మాట నిలుస్తుంది, కుర్రాడి గొంతు మాత్రం ఇక రాదు. నలభై మూడో రోజు పొద్దున మాస్టారి దగ్గర్నుంచి సందేశం వచ్చింది. కొత్త సీరియల్ మొదలవుతోందట. కొత్త పిల్ల దొరికిందట, కోయిల అని పేరు పెట్టారట. "నీ దీవెన కావాలి, ఒకసారి మాట్లాడు తల్లీ" అని ఆ పిల్ల నంబరిచ్చారు.

పిచ్చుక వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఫోన్ చేసింది. దాచుకున్న గొంతుతో ఆడిన మొదటి మాటలు ఇవి.

"అమ్మాయ్, నేను పిచ్చుకని. ఒక్క మాట విను. అరుపు బాగా వచ్చాక ఇంకొకటి అడిగితే ఇవ్వకు. నీ అరుపులు దాస్తారు. నీ గొంతు పోతుందని ఆయనకి ముందే తెలుసు."

గొంతు గరగరమంది.

"మాస్టారు చెప్పారక్కా, మీరిలా అంటారని. గొంతు పోయిన మనిషి, లోపల చాలా బాధగా ఉంటుంది, ఏమన్నా మనసులో పెట్టుకోకు అన్నారు. మీ గురించి చెబుతూ ఏడ్చేశారు కూడా. మీకూ ఆయనంటే ప్రాణం కదా అక్కా?"

"కాదు. నాకు ఆయనంటే ఇష్టం లేదు" అంది పిచ్చుక. ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక తేలికపడుతుందేమో అనుకుంది. పడలేదు.

"పాపం" అంది పిల్ల. ఎవరికోసమన్నదో పిచ్చుకకి తెలుస్తూనే ఉంది. "అక్కా, రేపే నా మొదటి అరుపు. ఎత్తు మీంచి పడేది. ఒక్కసారి వింటారా, ఎలా ఉందో చెబుతారా?"

వద్దనేలోపే అరిచింది. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తిపీట మీద నుంచి తలెత్తి చూసింది. అరుపు నిండుగా మొదలై, మధ్యలో ఎక్కడా చీరకుండా, చివర ఊపిరితో సహా నేలకి తాకింది. ఒక్క గీత పడని గొంతు.

"ఎలా ఉందక్కా?"

బాగాలేదంటే సరిపోయేది. నువ్వు పనికిరావు, వెళ్లి ఇంకేదైనా ఉద్యోగం చూసుకో అంటే ఆ పిల్ల రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదేమో, గొంతు దక్కేది. పిచ్చుకకి ఆ సంగతి తెలుసు. ఫోన్ పట్టుకుని ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ మూడేళ్లు మంచి అరుపుకీ చెడ్డ అరుపుకీ తేడా పట్టిన చెవి అది, అబద్ధం చెప్పడం చేత కాలేదు.

"బాగుంది" అంది.

"థాంక్యూ అక్కా, మాస్టారికి చెబుతాను" అని ఆ పిల్ల సంబరంగా ఫోన్ పెట్టేసింది.