సత్యదేవుడి వెనక దాక్కున్న షరతు

నేను ఒక సీటు ఉత్తరాన్ని. అలాంటిలాంటి ఉత్తరాన్ని కాదు సుమండీ. ‘మీ ఇంటర్ మార్కులతో నిమిత్తం లేకుండా, ఏ షరతూ లేకుండా, మా విశ్వవిద్యాలయంలో సీటు ఇస్తున్నాం’ అని నా నుదుటనే లావుపాటి అక్షరాలతో రాసి ఉంటుంది. అందుకని నాకు కాస్త మిడిసిపాటు ఎక్కువ. అది ఎలా దిగిందో చెబుతాను, వినండి.

పుట్టింది సరుగుడు తోటలో. మిల్లులో నాని, నలిగి, ఆరి తెల్లబడ్డాక, ఐదువందల మంది తోబుట్టువులతో కలిసి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం అడ్మిషన్ల ఆఫీసుకు చేరాను. జనవరి మొదటి వారంలో ఆ గదిలో పెద్ద సమావేశం జరిగింది. అడ్మిషన్ల డైరెక్టరు పార్థసారథిగారు అప్పటికి మూడో టీ తాగుతున్నారు.

“పోయినేడాది నూట నలభై సీట్లు ఖాళీ అండీ. ఫలితాలొచ్చేదాకా కూర్చుంటే మంచి పిల్లల్ని పక్కవాళ్ళు ఎగరేసుకుపోతారు. మనమే ముందు మాట ఇచ్చేద్దాం. మార్కులడక్కుండా పిలిస్తే ఎవరు కాదంటారు?” అన్నారాయన.

ఫిజిక్స్ చెప్పే రెహానా మేడమ్ దారి వేరు. ఆవిడ దరఖాస్తు పెట్టిన పిల్లలతో ఫోన్లో మాట్లాడి ఎంచేవారు. “కాకినాడ నుంచి ఇందుజ అని ఒక పిల్ల. వాళ్ళ నాన్న షాపులో జిరాక్స్ మెషీను మొరాయిస్తే ఈ పిల్లే విప్పుతుందట. లోపల డ్రమ్ము మీదికి పొడి ఎలా అంటుకుంటుందో నాకే ఇరవై నిమిషాలు పాఠం చెప్పింది. ఆ మూడు గంటల పరీక్షలో దానికి జ్వరమొస్తే మనం ఈ పిల్లని వదులుకోవాలా? మార్కులు చూడకుండా ఇచ్చేయండి సార్,” అన్నారు.

అలా ఒకరి భయమూ, ఒకరి ఇష్టమూ కలిస్తే తెల్ల కాగితాన్నల్లా ఉత్తరాన్నయ్యాను. ఈలోగా లీగల్ సలహాదారుగారు వచ్చి, షరతుల్లేవని ఊరికే అనేస్తే ఎలాగండీ అని, నా వీపు మీద చిన్న చిన్న అక్షరాలతో నాలుగు లైన్లు కొట్టించారు. అందులో మూడు ఎవరికీ పనికొచ్చేవి కావు. నాలుగోది మాత్రం ఇది: ‘మార్కులెన్నయినా సరే, అన్ని సబ్జెక్టులూ మార్చి పరీక్షల్లోనే పాసవ్వాలి. ఇది చదివి కింద సంతకం చేయాలి.’

ఇందుజవాళ్ళ నాన్న సూరిబాబుకి కాకినాడలో కలెక్టరేటు పక్క సందులో జిరాక్స్, లామినేషన్ షాపు. ఆయనకి కాగితం కనబడితే చేతులు ఊరుకోవు. రేషన్ కార్డు, పెళ్ళి శుభలేఖ, కరెంటు బిల్లు, ఆఖరికి ఇందుజ రెండో తరగతిలో గీసిన ఏనుగు బొమ్మ కూడా ప్లాస్టిక్ తొడుక్కునే ఉన్నాయి. అలాంటివాడి చేతికి నేను చిక్కాను. వాళ్ళావిడ మంగతాయారు నాలుగు మూలలా పసుపు రాసింది. సూరిబాబు నన్ను కళ్ళకద్దుకున్నాడు. వీపు మీది సన్న అక్షరాలు చూసి, ప్రెస్సువాళ్ళ అడ్రసు అనుకున్నాడు. శుభమా అని వచ్చిన కాగితం వెనక బోసిగా ఉండకూడదని, అన్నవరం సత్యనారాయణస్వామి బొమ్మని నా వీపుకి ఆనించి, ఇద్దర్నీ కలిపి మెషీనులో పెట్టేశాడు. వేడివేడిగా బయటికొచ్చాం. ఇటు చూస్తే నేను, అటు తిప్పితే దేవుడు.

నన్ను షాపులో మేకుకి తగిలించారు. వచ్చినవాళ్ళందరికీ కాజాలు పెట్టారు. ఆధార్ జిరాక్సుకొచ్చిన పెద్దమనిషి కూడా నన్ను పైకి చదివితే గాని కదలడానికి వీల్లేకపోయింది.

ఇక ఇందుజ సంగతి. ‘ఏం చేసినా సరే’ అని మీతో ఎవరైనా అంటే మీరేం చేస్తారు? ఏమీ చేయరు. ఆ పిల్లా అంతే. కెమిస్ట్రీ అంటే దానికి ముందునుంచీ పడదు. ఆ పుస్తకాన్ని తెచ్చి, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా షాపులో బరువు పెట్టింది. మధ్యాహ్నాలు నిద్ర, సాయంత్రాలు అమ్మతో సీరియళ్ళు. ప్రీఫైనల్లో కెమిస్ట్రీకి అరవైకి పధ్నాలుగొచ్చాయి. “సీటు వచ్చేసిందిగా” అని నవ్వేసింది. నేనూ మేకు మీద నుంచి దర్జాగా నవ్వాను. సిగ్గులేదు నాకు.

ఫిబ్రవరి మధ్యలో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. “వెనక పేజీలో సంతకం చేసి ఫోటో పంపలేదేంటమ్మా? ఎల్లుండే ఆఖరు.”

“వెనక పేజీయా?” అంది ఇందుజ. నన్ను తిప్పింది. సత్యదేవుడు చల్లగా చూస్తున్నాడు.

సూరిబాబు కట్టరు తీశాడు. మంగతాయారు అడ్డుపడింది. “స్వామివారికి కత్తి పెడతారేంటండీ! కళ్ళు పోతాయ్!” చివరికి ఆవిడే హారతిచ్చి, లెంపలేసుకుని సరేనంది. ఊరందరి కాగితాలకీ ప్లాస్టిక్ తొడిగిన మనిషి, మొదటిసారి ఒకదాన్ని విప్పడానికి కూర్చున్నాడు. నాలుగు అంచులూ కోశాక నేనూ స్వామీ విడిపోయాం. ఇందుజ నాలుగో లైను చదివింది. మళ్ళీ చదివింది. పరీక్షలకి మూడు వారాలు కూడా లేవు. కెమిస్ట్రీ తప్పితే సీటు లేదు. అయినా కింద సంతకం గీసి, ఫోటో తీసి పంపింది.

“కనపడిందల్లా ప్లాస్టిక్‌లో పెట్టేయడమేనా నాన్నా? ఊళ్ళోవాళ్ళవి చాల్లేదా, నాదీ పాడుచేశావా!” అని అరిచి ఏడ్చింది.

సూరిబాబు వెళ్ళి, లామినేషన్ మెషీను మీద దుప్పటి కప్పాడు. రెండు రోజులు వచ్చినవాళ్ళందరికీ “మెషీను పాడైందండి ఆయ్, పక్క షాపుకి వెళ్ళండి” అని చెప్పాడు. ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది. నాకు మహా బాధేసింది. తప్పు ఆయనదొక్కడిదే కాదు. ముందు పేజీ మీద అరిచి, వెనక పేజీ మీద గొణిగినవాళ్ళది కాదూ?

మూడోరోజు పొద్దున్నే ఇందుజ షాపుకొచ్చి దుప్పటి లాగేసింది. కెమిస్ట్రీ సమీకరణాలన్నీ ఒక పెద్ద కాగితం మీద తన చేత్తో రాసుకొచ్చింది.

“నాన్నా, ఇది లామినేషన్ చేసిపెట్టు. స్నానాల గదిలో తగిలిస్తాను, తడవకూడదు.”

ఆయన కాగితం అందుకుని, వెనక్కి తిప్పి చూశాడు.

“ఏమీ లేదులే, నేను చూశాను,” అంది. ఇద్దరూ నవ్వలేక నవ్వారు. ఆ కాగితాన్ని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో, నన్నూ అంత శ్రద్ధగా చేయలేదు. నాకు ఈర్ష్య కలిగింది, దాచుకోవడమెందుకు?

తర్వాత ఆ పిల్ల పుస్తకం దించలేదు. ఏప్రిల్లో ఫలితాల రోజు మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. సూరిబాబు ప్లేటు ముందు పెట్టి, “పోతే మళ్ళీ రాద్దువు గాని అమ్మలూ. షాపూ ఎక్కడికీ పోదు, మేమూ పోము. ముందు ఇడ్లీ తిను,” అన్నాడు. ఏ షరతూ లేకుండా అని నా మొహాన రాసుందే గాని, అలాంటి మాట చెవులారా వినడం నాకు అదే మొదటిసారి.

కెమిస్ట్రీలో అరవైకి నలభై ఒకటి వచ్చాయి.

జూన్‌లో చేరడానికి తండ్రీ కూతుళ్ళు నన్ను పట్టుకుని విశ్వవిద్యాలయానికి వచ్చారు. అడ్మిషన్ల కౌంటరులో గుమస్తా నన్ను ఫైలుకి ఎక్కించబోయాడు. చిల్లులు పొడిచే మెషీను నా మీద దిగలేదు. రెండుసార్లు గుద్దాడు. లైనులో అందరూ చూస్తున్నారు.

“ఇదేంటమ్మా, ఒక పక్క ప్లాస్టికూ, ఒక పక్క కాగితమూ! ఏ మహానుభావుడు చేశాడు దీన్ని?”

వెనక సూరిబాబు తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

“మా నాన్నగారండీ,” అంది ఇందుజ, అందరికీ వినపడేలా. “కాకినాడలో మాకు షాపుంది. మీకేమైనా ఉంటే ఇవ్వండి, బాగా చేస్తారు.”

గుమస్తా నవ్వి నన్ను వెనక్కి చాచాడు, చిల్లు లేకుండానే ఫైల్లో పెడతాను గాని దుమ్ము తుడిచి ఇమ్మని. సూరిబాబు ముందుకొచ్చి, జేబురుమాలు తీసి, నా మొహం మీది వేలిముద్రలన్నీ ఒక్కటీ లేకుండా తుడిచి, రెండు చేతులతో అందించాడు.